1634, 1649: రెండూ కరెక్టే

నెదర్లాండ్స్‌లోని అసెండెల్ఫ్ట్ చర్చి లోపలి దృశ్యాన్ని చూపించే బొమ్మకి ఒకచోట 1634, మరోచోట 1649 అని ఉందని, ప్రాజెక్టులో ఏది రాయాలో తెలీక టెన్షన్ పడుతున్నారు కదండీ. రెండూ కరెక్టే. దాన్ని వేసిన డచ్ చిత్రకారుడు పీటర్ సేన్‌రెడామ్ ముందు చర్చిలోనే కూర్చుని స్కెచ్ గీసుకునేవారు. తర్వాత కొలతల ప్రకారం, స్కేలు పెట్టి ఇంకో డ్రాయింగు. రంగులు వేయడం మాత్రం ఒక్కోసారి ఏళ్లు గడిచాకే. ఇక్కడ స్కెచ్ 1634ది, పెయింటింగ్ 1649ది. మీరు 1649 వేసేయండి.

ఆమ్‌స్టర్‌డామ్ పాత టౌన్‌హాల్ సంగతైతే మరీ చిత్రం. అది 1652లో కాలిపోయింది. ఈయన 1641 నాటి డ్రాయింగు ముందు పెట్టుకుని 1657లో పెయింటింగ్ వేశారు!

అన్నట్టు, అసెండెల్ఫ్ట్ బొమ్మలో ముందుభాగాన, నేల మీదున్న సమాధి రాయిని జూమ్ చేసి చూడండి. అది సేన్‌రెడామ్ వాళ్ల నాన్నగారిది, ఆయన 1607లో పోయారు.