వీర్యంలో వైరస్ గురించి రాస్తున్న తమ్ముడికి

నాయనా,

నీ వ్యాసం చదివాను. ఈ విషయం ఎంచుకున్నందుకు చాలా సంతోషం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్లై రెండు మూడేళ్లకు కడుపు పండకపోతే ఇప్పటికీ ముందు కోడల్నే ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారు. జొన్నవాడ బ్రహ్మోత్సవాల్లో సంతానం కలగాలని ఇచ్చే కొడిముద్ద ప్రసాదం కోసం కొంగు పట్టే ఆడవాళ్ల నమ్మకం మీద నాకు గౌరవమే. కానీ వాళ్ల భర్తల్లో ఎంతమంది వీర్యపరీక్ష చేయించుకుని ఉంటారో అనిపించి మనసు కలుక్కుమంటుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. ఈ మాట నీ వ్యాసంలో ఎక్కడో చివర ఉంది. దాన్ని మొదటికి తీసుకురా.

ఇక అసలు సంగతి. ‘వీర్యంలో వైరస్ కనిపించింది’ అని రాసి, ఆ వెంటనే ‘అందుకే పిల్లలు పుట్టరు’ అనేశావు. అలా కాదు. వైరస్ వీర్యద్రవంలో మాత్రమే ఉండొచ్చు, శుక్రకణానికే అంటుకుని ఉండొచ్చు, లేదా వృషణాన్ని దెబ్బతీసి ఉండొచ్చు. దేని ఫలితం దానిదే.

గవదబిళ్ళలు వృషణాన్ని దెబ్బతీసే రకం. యుక్తవయసు వచ్చాక సోకితే పదిమందిలో ఇద్దరు ముగ్గురికి వృషణం వాస్తుంది. ఎక్కువగా ఒకవైపే. తర్వాత అది కొంత కుంచించుకుపోవచ్చు గానీ, అసలు పిల్లలే పుట్టకపోవడం అరుదు. ఈ చివరి ముక్క నువ్వు వదిలేశావు. చిన్నప్పుడో పెద్దయ్యాకో గవదబిళ్ళలు వచ్చిన కుర్రాడు అది చదివి ఎంత టెన్షన్ పడతాడో ఆలోచించు. సర్కారు ఉచితంగా వేసే ఎంఆర్ టీకా తట్టుకు, రుబెల్లాకే. గవదబిళ్ళలకూ కలిపి ఉండేది ఎంఎంఆర్. తల్లులకు పనికొచ్చే మాట, తప్పక చేర్చు.

జననాంగాలకు సోకే హెచ్‌పీవీ అనే వైరస్ శుక్రకణం తలకు అంటుకుంటుంది. అది ఉన్నవాళ్లలో కణాల కదలిక తగ్గినట్టు చాలా పరిశోధనల్లో కనిపించింది. గర్భస్రావాలకు అదే కారణమని మాత్రం గట్టిగా తేలలేదు, నువ్వూ తేల్చకు. జ్వరం సంగతి కూడా రాయి. డెంగీ అయినా కోవిడ్ అయినా ఒళ్లు కాలిపోయేంత జ్వరం వస్తే శుక్రకణాల సంఖ్య కొన్నాళ్లు తగ్గుతుంది. కొత్త కణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేయించుకోవడం మంచిది.

పాఠకుడు సిగ్గుపడి పేజీ తిప్పేస్తాడని భయపడుతున్నావు కదా. మన రైతు ఒంగోలు గిత్త వీర్యం గురించి రచ్చబండ మీద ఏ బెరుకూ లేకుండా మాట్లాడతాడు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వచేసినా అందులోని వైరస్‌లు చావవు. అందుకే ఆబోతులకు ఐబీఆర్ లాంటి, పశువులకు వచ్చే వైరస్ జబ్బుల పరీక్షలు చేస్తారు. అక్కడి నుంచి మొదలుపెట్టు, వింటారు.

హెచ్ఐవీని ఒక్క వాక్యంలో ముగించావు. హైవే మీదున్న జిల్లాలు మనవి, దీనికి ఎక్కువ చోటు ఇవ్వాలి. ఆ వైరస్ ప్రధానంగా వీర్యద్రవంలోనూ అందులోని తెల్లకణాల్లోనూ ఉంటుంది. శుక్రకణాలను కడిగి వేరుచేసి గర్భం వచ్చేలా చేసిన ఇటలీ వైద్యులు, తల్లికి వైరస్ సోకకుండా బిడ్డలు పుట్టారని 1992లోనే ప్రకటించారు. ఈ రోజుల్లో హెచ్ఐవీని అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచి ఉంటే, కలయిక వల్ల భార్యకు సోకదు. ఈ సంగతి తెలియక పిల్లల మీద ఆశ వదిలేసుకున్న జంటలు ఉన్నాయి. వాళ్ల కోసం రాయి, వివరంగా రాయి.

నీ వ్యాసంలోని లారీ డ్రైవర్ కథలో పేరు మార్చావు సరే, కానీ ఊరు, భార్య చేసే పని, పెళ్లైన ఏడాది అన్నీ అలాగే ఉంచేశావు. ఆ ఊళ్లో ఎవరు చదివినా ఇట్టే గుర్తుపడతారు. ఒప్పుకోలు లేకుండా ఒకరి హెచ్ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. చట్టం లేకపోయినా ఆమె రేపు బోరింగు దగ్గరికి నీళ్లకు వెళ్లాలి కదా. ఆ వివరాలన్నీ తీసేయ్. ఆ తర్వాత ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్ ఎవరికైనా చూపించి, వాళ్లు దిద్దిన కాగితాలే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న, నెల్లూరు