పక్కింటి పోప్లర్లు సగానికి కొట్టించవచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో నిరుడు ఇల్లు కొన్నాం. పక్కాయన పెరట్లో మా ఫెన్సు వెంబడే ఏడు పోప్లర్ చెట్లు 60 అడుగుల ఎత్తున ఉన్నాయి. మా పెరట్లో ఎండ లేదు, గటర్ల నిండా ఆకులే. తగ్గించమంటే ఆయన ససేమిరా అంటున్నాడు. ‘హై హెడ్జ్’ (ఎత్తైన కంచె చెట్ల) చట్టం కింద ఫిర్యాదు చెయ్యమని స్నేహితుడి సలహా. చెట్లు కొట్టే నిపుణుడు, ట్రీ సర్జన్ ఒకాయనేమో శనివారం వచ్చి మా వైపు నుంచే సగానికి తగ్గిస్తానంటున్నాడు, డబ్బు నగదుగా ఇవ్వాలట. చేయించవచ్చా?

జవాబు: ముందు ఆ శనివారం పని ఆపించండి.

చెట్టు మొదలు ఎవరి నేలలో ఉంటే ఆ చెట్టు వాళ్లది. ఫెన్సు దాటి మీ వైపు వచ్చిన కొమ్మను హద్దు దాకా కోసుకోవచ్చని లెమన్ వర్సెస్ వెబ్ కేసులో 1890లలోనే తేలింది. ఎత్తు తగ్గించే హక్కు మాత్రం లేదు. పైగా మీవి లాంబార్డీ రకమైతే కొమ్మలు కాండాన్ని కరుచుకుని నిటారుగా పోతాయి, మీకు దక్కేవి నాలుగు రెమ్మలే.

మీ స్నేహితుడు చెప్పింది 2003 నాటి చట్టం. 2 మీటర్లు దాటిన, ఏడాదంతా దాదాపు పచ్చగా ఉండే చెట్ల వరుసకే అది వర్తిస్తుంది. పోప్లర్ ఆకు రాల్చే చెట్టు. మీ గటర్లే మీకు ఎదురు సాక్ష్యం!

అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ చెట్ల మీద కౌన్సిల్ రక్షణ ఉత్తర్వు, అంటే టీపీవో ఉంటే, మీ వైపు కొమ్మ కొయ్యాలన్నా అనుమతి కావాలి. మీది కన్జర్వేషన్ ఏరియా, అంటే కౌన్సిల్ ప్రత్యేకంగా కాపాడే ప్రాంతం అయితే, కౌన్సిల్‌కి 6 వారాల ముందు నోటీసు ఇవ్వాలి. ‘నాకు తెలీదు’ అంటే చెల్లదు. 1980లో మెయిడ్‌స్టోన్ కౌన్సిల్ కేసులో, అనుమతి ఉందన్న మాట నమ్మి చెట్టు కొట్టిన మనిషికి కూడా ఆ నమ్మకం అక్కరకు రాలేదు. కొట్టినవాడితో పాటు కొట్టించినవారూ బాధ్యులే. చెట్టు చచ్చేలా నరికితే జరిమానాకు పరిమితి లేదు.

అందుకని కౌన్సిల్ ట్రీ ఆఫీసర్‌కి ఒక ఈమెయిల్ పెట్టి అడగండి. టీపీవో ఉంటే దరఖాస్తుకు ఫీజు లేదు, మామూలుగా 8 వారాల్లో తేలుస్తారు. పక్కాయనతో మళ్లీ మాట్లాడి, ఖర్చులో సగం మీరు పెట్టుకుంటామనండి. ఏ చెట్టయినా ఒరిగినా, పగిలినా ఫోటోలతో ఆయనకు ఉత్తరం రాయండి; తెలిసీ ఊరుకుంటే, రేపు అది పడినప్పుడు ఆయన తప్పించుకోవడం కష్టం. గూళ్లు కట్టే కాలంలో పని పెట్టుకోకండి. సగానికి నరికిన పోప్లర్ బలహీనమైన పిలకలు వేస్తుంది, గాలికి అవే ముందు విరుగుతాయి. ఆ సంగతి తెలిసిన సర్జన్ సగం మాట ఎత్తడు. ఈయన్ని ఇన్సూరెన్సు కాగితం చూపించమనండి.

ఇంకొకటి. మన ఊళ్లో గోడ మీదికి వాలిన మునగ కాయలు కోసుకుంటే ఎవరూ అడగరు. అక్కడ మీ వైపు కోసిన కొమ్మ కూడా ఆయనదే. ఫెన్సు అవతలికి విసిరెయ్యకుండా, ‘కావాలా?’ అని అడగండి.