ఆ గది తలుపు తీయడానికి తొందరపడకు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. వచ్చే ఆదివారం నువ్వు ఒక పిల్లిని ఇంటికి తెచ్చుకుంటున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పగానే ముందు నాకు సంతోషమే కలిగింది. ఎవరో వదిలేసి వెళ్ళిన ప్రాణికి ఇంట్లో చోటివ్వాలని ఎవరూ చెప్పకుండానే నీకు తోచింది చూడు, అందుకు నాకు గర్వంగా ఉంది. కానీ ఆ వెంటనే మీ నాన్న, "సాయంత్రానికల్లా కుక్కనూ పిల్లినీ కలిపేస్తుందట" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఎక్కడైనా గట్టిగా మందలించినట్టు అనిపిస్తే, భయం అలా మాట్లాడిస్తోందని అర్థం చేసుకో.

రెండింటికీ టీకాలు, నులిపురుగుల మందు, గోళ్ళు కత్తిరించడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఇవన్నీ నీకు తెలిసినవే కనుక వాటి గురించి ఎక్కువ రాయను.

పిల్లికి ముందు ఒక గది విడిగా ఇవ్వు. నీళ్ళు, తిండి, ఇసుక తొట్టి, దూరి దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, అన్నీ ఆ గదిలోనే ఉండాలి. కుక్క ఆ గడప తొక్కకూడదు. ఎన్నాళ్ళు అని అడుగుతావు. పిల్లి దాక్కున్న చోటు నుంచి తనంతట తాను బయటికి వచ్చి, నీ ఎదుట తిని, ఒళ్ళు నాక్కుని, కాళ్ళు చాచి పడుకునే దాకా. ఒక పిల్లికి అది మూడు రోజుల్లో వస్తుంది, ఇంకొకదానికి మూడు వారాలు పడుతుంది. ఈలోగా పిల్లి పడుకున్న గుడ్డ తెచ్చి కుక్క పక్కన వేయి, కుక్క గుడ్డ తీసుకెళ్ళి పిల్లి దగ్గర పెట్టు. వాటి మధ్య పరిచయం వాసనతో మొదలవుతుంది, చూపు తరువాతి మాట. ఆపైన మూసిన తలుపుకు చెరో వైపునా వాటి గిన్నెలు పెట్టు. మొదట దూరంగా పెట్టి, రోజుకొక జానెడు చొప్పున తలుపు దగ్గరికి జరుపు. ఏ ఒక్కటి తినడం ఆపినా, నిన్న పెట్టిన చోటికి వెనక్కి వెళ్ళు. ఆ గది తలుపుకు గడియ మాత్రం గట్టిది ఉండాలి. ఈ గడియ మాట నేను మళ్ళీ మళ్ళీ ఎందుకు అంటానో ఇప్పుడు చెబుతాను. మీ నాన్నకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

నీ వయసులో నా దగ్గర రాజు అనే కుక్క ఉండేది. రెండేళ్ళ వాడు, చిన్నపిల్లలు చెవులు లాగినా పలికేవాడు కాదు. అప్పుడే మల్లి అనే పిల్లిని తెచ్చాను. నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. రెండు రోజులు మాత్రం దాన్ని వేరే గదిలో ఉంచి, మూడో రోజు దాన్ని చేతుల్లో ఎత్తుకుని రాజు ముందుకు తీసుకెళ్ళాను. అది నా భుజం మీదుగా ఎగబాకి పారిపోయింది. ఆ గీతల మచ్చ నా మెడ మీద ఇప్పటికీ ఉంది. పిల్లిని ఎత్తుకుని ఎప్పుడూ పరిచయం చేయకు. పారిపోవడానికి దానికున్న నాలుగు కాళ్ళనూ మనమే పట్టేసుకున్నట్టవుతుంది.

అయినా రోజులు గడిచేకొద్దీ నెమ్మదించినట్టే కనిపించాయి. పన్నెండో రోజు రాజు ముందుకాళ్ళు చాపి కూర్చుని, నోరు మూసుకుని, మల్లి ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పకుండా చూస్తూ ఉండిపోయాడు. "రాజూ" అని పిలిచినా చెవి కదపలేదు. ఎంత ముచ్చటగా చూస్తున్నాడో అని నేను ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. తల్లీ, వేటకు ముందు చూసే చూపు అలాగే ఉంటుంది. మొరిగే కుక్కను మనం గమనిస్తాం, బిగుసుకుపోయి నిశ్శబ్దంగా చూసే కుక్కను చూసి మురిసిపోతాం. నేను అదే చేశాను. పద్నాలుగో రోజు రెండూ ఒకే గదిలో, బారెడు దూరంలో నిద్రపోయాయి. ఇక నాకు పూర్తి నమ్మకం కుదిరిపోయింది.

పంతొమ్మిదో రోజు ఎవరో తలుపు తట్టారు. రాజుకు గొలుసు లేదు, మల్లి గది గడియ వేసి లేదు. వచ్చినవారితో నేను మాట్లాడింది పట్టుమని రెండు నిమిషాలు ఉండదు. లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది. ఆ చప్పుడుకు మల్లి బెదిరి పరుగెత్తింది, పరుగెత్తేదాన్ని చూసి రాజు వెంటపడ్డాడు. అది వెళ్ళి బీరువాకూ గోడకూ మధ్య సందులో ఇరుక్కుంది. అటువైపు దారి లేదు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మన పెద్దవాళ్ళు అనేది ఊరికే కాదు. మల్లి వెనక్కి తిరిగి రాజు ముక్కు మీద రక్కింది, రాజు పట్టుకుని రెండుసార్లు విదిలించాడు. నేను చేరేసరికి వదిలేశాడు కూడా.

ఇంతకన్నా పెద్ద తప్పు ఆ తరువాత చేశాను. మల్లి ఒళ్ళంతా వెతికితే పక్కటెముకల మీద రెండు పంటి గాట్లు కనిపించాయి, రక్తం చుక్కంత. నడిచింది, మంచం కింద దూరింది. గబగబా ఊపిరి తీస్తోంటే భయం వల్లనేమో అనుకున్నాను. గాయం తుడిచి, పొద్దున చూపిద్దామని పడుకున్నాను. తెల్లవారేసరికి అది నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. పిల్లి చర్మం వదులుగా ఉంటుందని, కుక్క పట్టి విదిలించినప్పుడు పైన చిన్న రంధ్రమే కనబడినా కింద కండరాలు చీలి ఎముకలు విరుగుతాయని, ఊపిరితిత్తులు దెబ్బతింటాయని ఆ రోజు పశువైద్యుడు చెబితే నాకు తెలిసింది. మధ్యాహ్నానికి మల్లి పోయింది. ఇంట్లో వాళ్ళు రాజును హంతకుణ్ణి చూసినట్టు చూశారు, వారం తిరగకుండా వాణ్ణి ఎవరికో ఇచ్చేశారు. వెళ్ళేటప్పుడు వాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. వాడిది తప్పు కాదని చెప్పడానికి నాకు ఆ రోజు నోరు రాలేదు. వేసి ఉండవలసిన గడియ నాది.

అందుకే నువ్వు ఎన్ని మరిచినా ఇవి మరవకు. నువ్వు ఎదురుగా లేనప్పుడు, స్నానానికి వెళ్ళినా, తలుపు దగ్గరికి వెళ్ళినా, ఆ రెండింటి మధ్య మూసిన తలుపు ఉండాలి. ఒక్కసారి కలిసి నిద్రపోయాయని నమ్మకు. కొన్ని నెలల పాటు ఒక్కసారి కూడా వెంటాడకుండా గడిచాక, అదీ నీ కుక్క పిల్లిని పట్టించుకోవడం మానేశాక ఆలోచించవచ్చు. వెంటాడటం కుక్కకు దానంతట అదే ఒక బహుమానం. ఒకసారి రుచి చూసిందా, మళ్ళీ మాన్పించడం చాలా కష్టం. కనుక మొదటిసారి వెంటాడటమే జరగకుండా చూడాలి. ఏ చిన్న పంటి గాటు కనబడినా, పిల్లి చక్కగా నడుస్తున్నా సరే, ఆ గంటలోనే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళు.

ఇవాళ సాయంత్రం నీ ఇల్లంతా పిల్లి కళ్ళతో ఒకసారి తిరిగి చూడు. పరుగెత్తితే ఏ మూల చిక్కుకుంటుందో కనిపెట్టి, ఆ సందులన్నీ మూసేయి. ప్రతి గదిలోనూ కుక్క అందుకోలేని ఎత్తులో దానికొక చోటు ఉండాలి, అల్మరా పైభాగమైనా చాలు. ఇసుక తొట్టిని మూలకు పెట్టకు, కుక్క దారికి అడ్డంగా నిలబడితే పిల్లి అందులో చిక్కుకుపోతుంది. పైగా కుక్కలు ఆ తొట్టిలోది తినబోతాయి కూడా.

మొదటిసారి ఒకదానికొకటి కనబడేటప్పుడు మధ్యలో జాలీ గేటు ఉండాలి, కుక్క గొలుసు నీ చేతిలో వదులుగా ఉండాలి. ముందు దాన్ని బాగా నడిపించి తీసుకురా, అలసిన కుక్క నీ మాట త్వరగా వింటుంది. రెండు మూడు నిమిషాలు చాలు. అది పిల్లిని చూసి, చూపు తిప్పి నీవైపు చూసిన ప్రతిసారీ దానికి ఇష్టమైన ముక్క ఒకటి పెట్టు. మొరిగితే తిట్టకు, దూరం పెంచు. తిడితే ఆ పిల్లి వచ్చినప్పటి నుంచి తనకు కష్టాలు మొదలయ్యాయని దాని మనసులో నాటుకుపోతుంది. నీ కుక్క మంచిది, నేను చూశాను కదా, నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. దాని మీద నమ్మకం లేక ఇదంతా రాయడం లేదు. రాజు కూడా మంచివాడే.

వాటి భాషలు వేరు. కుక్క సంతోషంగా తోక ఊపుతుంది, పిల్లి తోకను అటూ ఇటూ కొడుతోందంటే దానికి చిరాకు వస్తోందని. ఆటకు పిలుస్తూ కుక్క కాలు ఎత్తితే పిల్లి దాన్ని దాడి అనుకుంటుంది. పిల్లి చెవులు వెనక్కి అణిచిందంటే ఆ పూటకు చాలించు.

ఇంకో రెండు మాటలున్నాయి. పేలకూ పిడుదులకూ కుక్కకు వేసే మందు పిల్లికి వేయకు. వాటిలో కొన్నింట్లో ఉండే పర్మెత్రిన్ అనే రసాయనం పిల్లికి విషం. కుక్కకు ఆ మందు పూస్తే, అది ఆరే దాకా పిల్లిని దాని ఒంటికి రాసుకోనివ్వకు. కుక్క తిండి పిల్లికి సరిపోదు, టారిన్ అనే పోషకం పిల్లికి తిండిలోనే అందాలి. కొత్త చోట బెదిరి ఒక రోజంతా ఏమీ తినకపోతే వైద్యుడికి ఫోన్ చేయి, తిండి మానిన పిల్లికి కొన్నాళ్ళలోనే కాలేయం దెబ్బతింటుంది. మగపిల్లి అయితే, తొట్టిలో పదేపదే కూర్చుని మూత్రం రాక అవస్థ పడుతుంటే రాత్రయినా ఆగకు.

చివరికి అవి ఒకదాన్ని ఒకటి హత్తుకుని పడుకుంటాయని ఆశ పెట్టుకోకు. ఎన్నో ఏళ్ళ తరువాత ధైర్యం చేసి నేను మళ్ళీ ఒక పిల్లిని, ఒక ముసలి కుక్కను ఒకే ఇంట్లో ఉంచాను. నాలుగు నెలలు పట్టింది. అవి స్నేహితులు కాలేదు. ఒక రోజు పిల్లి కుక్క ముందు నుంచి నడిచి వెళ్తే, కుక్క ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. ఆ రోజు నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. అంతకన్నా ఎక్కువ నాకు అక్కర్లేకపోయింది. ఒకవేళ వారాలు గడిచినా నీ కుక్క చూపు ఆ బిగువు వదలకపోతే, పిల్లికి మరో మంచి ఇల్లు చూడు. అందుకు నేనూ సాయం చేస్తాను, నిన్ను ఒక్క మాట అనను.

శనివారం రాత్రి ఆ గది గడియ వేసి, బయటి నుంచి భుజంతో ఒకసారి గట్టిగా నెట్టి చూడు. కదిలితే మార్పించు. నిలిచిందని నాకు ఫోన్ చేసి చెప్పు, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నీ అత్తయ్య