ఎఫ్‌ఈఆర్‌లో (పేటెంట్ ఆఫీసు ఇచ్చే మొదటి పరీక్ష నివేదికలో) మూడు పాత పేటెంట్లు చూపించారు, నా లైట్ ఫిట్టింగ్ అప్లికేషన్ ఇక అయిపోయినట్టేనా?

అయిపోలేదండీ. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. కోళ్ల షెడ్ల కోసం ఎల్‌ఈడీ ఫిట్టింగ్ చేశారు. డ్రైవర్ (ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు ఇచ్చే సర్క్యూట్) పోతే ఫిట్టింగ్ మొత్తం దించక్కర్లేదు, ట్రే లాగి మార్చుకోవచ్చు. ట్రే లోపలికి నెట్టగానే రబ్బరు గ్యాస్కెట్ నొక్కుకుని బిగుస్తుంది కాబట్టి పైపుతో నీళ్లు కొట్టి కడిగినా చెమ్మ లోపలికి పోదు. చెన్నై పేటెంట్ ఆఫీసు ఎఫ్‌ఈఆర్‌లో ఆ మూడు పాత పేటెంట్లకి డీ1, డీ2, డీ3 అని పేర్లు పెట్టి, డీ1 ఒక్కటే చూపించి కొత్తదనం లేదన్నారు, మూడూ కలిపి ఇన్వెంటివ్ స్టెప్ (పని తెలిసినవాడికి ఇట్టే తట్టని ముందడుగు) లేదన్నారు, పైన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) కూడా తగిలించారు. దీన్ని వదిలేసి డిజైన్ రిజిస్ట్రేషన్‌కి వెళ్లాలా అన్నది మీ రెండో ప్రశ్న.

మాది బాలానగర్‌లో ఫిట్టింగులు చేసే చిన్న యూనిట్. మిర్యాలగూడ రైస్ మిల్లుల కోసం చేసిన హైబే లైటుకి (ఎత్తైన కప్పుకి వేలాడదీసేది) మేమూ ఇదే దారిన వెళ్లాం. మా ఎఫ్‌ఈఆర్‌లోనూ క్లెయిములన్నిటికీ, అంటే దేని మీద హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యాలన్నిటికీ, అభ్యంతరమే. చివరికి గ్రాంట్ అయింది, మొదట అడిగినంత వెడల్పుగా మాత్రం కాదు. నాకు తెలిసిన ఫిట్టింగుల కేసుల్లో మొదటి నివేదిక శుభ్రంగా వచ్చినది ఒక్కటీ లేదు. కాబట్టి ఆ కాగితం చూసి టెన్షన్ పడకండి, అది తిరస్కరణ కాదు. తిరస్కరించాలంటే ముందు మీకు హియరింగ్ అవకాశం ఇవ్వాలి.

ముందు గడువు చూసుకోండి. ఎఫ్‌ఈఆర్ జారీ అయిన తేదీ నుంచి 6 నెలల్లో జవాబు వేయాలి. ఆ 6 నెలలు దాటకముందే గడువు పెంచమని ఫారం 4 వేస్తే ఇంకో 3 నెలలు దొరుకుతాయి. జవాబు వేయకుండా గడువు దాటిపోతే అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క, అప్పుడు వాదన ఎంత గట్టిదైనా వినేవారుండరు.

ఇక అసలు పని. మూడు డాక్యుమెంట్లూ డౌన్‌లోడ్ చేసి, మీ లైటు పక్కన కాదు, మీ మొదటి క్లెయిమ్ పక్కన పెట్టి చదవండి. మా క్లెయిమ్‌లో మొదట నాలుగే ముక్కలు: ఒక హౌసింగ్, చుట్టూ నిలువు ఫిన్నులు (వేడిని బయటికి వదిలే రెక్కలు), మధ్యలో గాలి పోయే దారి, పైన వాలుగా మూత. మా కేసులో డీ1 ఒక చైనా యుటిలిటీ మోడల్ (పేటెంటు లాంటి చిన్న హక్కు), వీధి లైటు. అక్కడ యుటిలిటీ మోడళ్లను లోతుగా పరీక్షించకుండానే రిజిస్టర్ చేస్తారు కాబట్టి లైట్ల మీద అవి కుప్పలుతెప్పలుగా ఉంటాయి. మెషిన్ అనువాదం సగం అర్థం కాదు, కానీ బొమ్మలకు భాష అక్కర్లేదు కదా. పెన్సిల్ పట్టుకుని చూస్తే బొమ్మలోని ఒక నంబరు హౌసింగ్‌ది, ఒకటి ఫిన్నులది, ఒకటి మధ్య రంధ్రానిది, ఒకటి మూతది. నాలుగుకు నాలుగూ ఉన్నాయి. 'అది వీధి లైటు, ఇది మిల్లు లైటు' అన్న వాదన ఇక్కడ నిలవదు. పరికరం క్లెయిమ్‌లో ఏ భాగాలున్నాయి, ఎలా అమరి ఉన్నాయి అన్నదే చూస్తారు. ఎక్కడ వేలాడదీస్తారన్నది కొత్తదనం తెచ్చిపెట్టదు. ఆ క్లెయిమ్ మీద ఎగ్జామినర్ చెప్పింది నూటికి నూరుపాళ్లూ సబబే.

మరి మాకు మిగిలిందేమిటి? మిల్లులో తవుడు పొడి, ఊక దుమ్ము పై నుంచి రాలుతూనే ఉంటాయి. ఫిన్నుల సందుల్లో పేరుకుని, వానాకాలం చెమ్మకి పిండి ముద్దలా అతుక్కుపోతాయి. ఎల్‌ఈడీలు బాగానే ఉంటాయి, వేడికి డ్రైవర్ ముందు పోతుంది. అందుకే మేం మూత అంచుని ఫిన్నుల పైఅంచు కంటే కిందికి దించాం. వేడిగాలి మధ్య దారిలో పైకి లేచి, మూత కింద తిరిగి, కిందికి తెరుచుకున్న సందులోంచి బయటికి పోతుంది. రాలే దుమ్ముకి లోపలికి దారి దొరకదు. డీ1లో మూత ఫిన్నుల మీద బల్లపరుపుగా కూర్చుని స్క్రూలతో బిగించి ఉంది. ఆ కిందికి దిగిన అంచునీ, కిందికి తెరుచుకున్న సందునీ క్లెయిమ్‌లోకి తెచ్చాక డీ1 పక్కకి తప్పుకుంది. కొత్తదనం లేదనాలంటే క్లెయిమ్‌లోని భాగాలన్నీ ఒకే డాక్యుమెంట్‌లో ఉండాలి. ఒక్కటి లేకపోయినా ఆ అభ్యంతరం పోతుంది, గొడవ ఇన్వెంటివ్ స్టెప్ దగ్గరికి మారుతుంది.

ఇలా క్లెయిమ్ మార్చాలంటే ఆ సంగతి మీరు ఫైల్ చేసిన కంప్లీట్ స్పెసిఫికేషన్‌లో (ఆవిష్కరణని పూర్తిగా వివరించే పత్రంలో) ముందే ఉండాలి. సెక్షన్ 59 ప్రకారం కొత్త విషయం చేర్చకూడదు, ఉన్నదాన్ని కుదించుకోవచ్చు. మాకు ఆ అంచు గురించి ఒక పేరా, ఒక అడ్డకోత బొమ్మ ఉండబట్టి గట్టెక్కాం. మీరూ ఇప్పుడే తీసి చూడండి. గ్యాస్కెట్ ఎలా నొక్కుకుంటుందో, ట్రే జారే గాడి ఏ వాలులో ఉందో, పిన్నులు ఎప్పుడు కలుస్తాయో ఎక్కడైనా రాశారా? కనీసం బొమ్మలో గీశారా?

ఇన్వెంటివ్ స్టెప్ దగ్గర చాలామంది చేసే వాదన 'డీ1లో ఇది లేదు, డీ2లో అది లేదు' అని. ఎగ్జామినర్‌కీ తెలుసు, అందుకే రెండూ కలిపాడు. మీరు అడగాల్సింది, ఈ పని తెలిసినవాడు డీ2లోని ముక్క తెచ్చి డీ1కి ఎందుకు తగిలిస్తాడు అని. మా డీ2లో మూత అంచు కిందికి దిగే ఉంది, కానీ అది వాన నీరు లోపలికి పోకుండా చుట్టూ సీలు వేసిన మూత. దాన్ని తెచ్చి డీ1 మీద పెడితే మధ్య రంధ్రంలోంచి లేచిన గాలికి బయటికి దారి ఉండదు, డీ1 ఏ పని కోసం పుట్టిందో ఆ పనే ఆగిపోతుంది. హియరింగ్‌లో మాకు బాగా పనిచేసింది ఈ మాటే. దానికి తోడు డ్రైవర్ కేసు మీద టీసీ పాయింట్ (వేడి కొలవడానికి గుర్తుపెట్టిన చోటు) దగ్గర థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) పెట్టి, తవుడు చల్లి, రెండు రకాల మూతలతో తీసిన రీడింగులు ఇచ్చాం. చట్టంలో సెక్షన్ 2(1)(జెఏ) అడిగేది కూడా ఇదే: ఉన్న పరిజ్ఞానం మీద సాంకేతికంగా ముందడుగో, ఆర్థిక ప్రాధాన్యమో ఉండాలి, ఆ పని తెలిసినవాడికి అది ఇట్టే తట్టేది కాకూడదు. రీడింగులు మొదటి సగానికి జవాబు, సీలు మూత వాదన రెండో సగానికి.

ఎగ్జామినర్లు, కంట్రోలర్లు (అప్లికేషన్ మీద తుది నిర్ణయం తీసుకునే అధికారులు) తరచూ ఎత్తి చూపే తీర్పు ఒకటుంది, బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్, సుప్రీంకోర్టు, 1978. పాత్రల తయారీకి సంబంధించిన పేటెంటు అది, చెల్లదని కొట్టేశారు. తెలిసిన వస్తువును మెరుగుపరిచినా, తెలిసిన వాటిని కలిపినా అది మామూలు వర్క్‌షాప్ మెరుగుదల కంటే ఎక్కువ ఉండాలన్నారు. మనలాంటి ఫిట్టింగుల వాళ్లకి ఈ గీత ఎప్పుడూ ఇబ్బందే, ఎందుకంటే మనం చేసేదంతా వర్క్‌షాప్‌లోనే పుడుతుంది. ఆ మాట మీ కేసులో వస్తుందనుకునే తయారై వెళ్లండి.

3(ఎఫ్) సంగతి మీకు నిజానికి అనుకూలంగా ఉంది. ఎవరి పని వాళ్లు విడివిడిగా చేసుకుపోయే తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చడాన్ని ఆ సెక్షన్ ఆవిష్కరణ కాదంటుంది. మీ ఫిట్టింగులో ట్రే నెట్టే కదలికే గ్యాస్కెట్‌ని నొక్కుతోంది. ట్రే లేకపోతే సీలు లేదు, సీలు బిగియాలంటే ట్రే చివరిదాకా వెళ్లాలి. ఒకదాని పని ఇంకోదాని మీద ఆధారపడి ఉందని క్లెయిమ్ మాటల్లోనే కనబడేలా రాయించండి. 'ట్రే, గ్యాస్కెట్, డ్రైవర్ కలిగిన ఫిట్టింగ్' అని జాబితాలా రాస్తే 3(ఎఫ్)ని మీరే పిలిచి కూర్చోబెట్టినట్టు.

డాక్యుమెంట్ల తేదీలు కూడా చూడండి. మీ ప్రయారిటీ తేదీకి (ఈ ఆవిష్కరణకి మొదటిసారి అప్లికేషన్ వేసిన తేదీకి) ముందు ప్రచురితమైనవే ఇన్వెంటివ్ స్టెప్ కోసం కలపడానికి పనికొస్తాయి. మీకంటే ముందు ఫైల్ అయి, మీ తర్వాత ప్రచురితమైన భారతీయ అప్లికేషన్ అయితే కొత్తదనం వరకే అడ్డు. ఇంకో మాట, జవాబు వేసేలోపు మీరే ఒకసారి వెతకండి. గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్ ఉచితమే. 'పౌల్ట్రీ లైట్' అని కొడితే వచ్చేవి తక్కువ. క్లాసుతో (పేటెంట్లని అంశం వారీగా విడదీసే కోడ్‌తో) వెతకండి: డ్రైవర్ అమరికకి ఎఫ్21వీ 23, వేడికి ఎఫ్21వీ 29, నీరు చొరబడకుండా ఉండే ఏర్పాట్లకి ఎఫ్21వీ 31. మార్చిన క్లెయిమ్‌కి కూడా అడ్డొచ్చేది ఏదైనా ఉంటే హియరింగ్‌లో తెలియడం కంటే ఇప్పుడే తెలియడం నయం.

డిజైన్ రిజిస్ట్రేషన్ దీనికి బదులు కాదు. అది కంటికి కనిపించే రూపానికి, లైట్లైతే క్లాస్ 26లో వస్తుంది. ట్రే ఎలా జారుతుంది, సీలు ఎలా బిగుస్తుంది అన్నదాన్ని అది కాపాడదు. పైగా మీరు ఇప్పటికే షెడ్లకి అమ్ముతున్నానని రాశారు, పేటెంట్ అప్లికేషన్ కూడా బొమ్మలతో సహా ప్రచురితమైంది. ఆ రూపం బయటపడిపోయింది కాబట్టి ఇప్పుడు డిజైన్‌కి వేస్తే కొత్తది కాదని ఆగిపోతుంది. రాబోయే మోడల్ బాడీ వేరేగా గీస్తున్నట్టయితే, దాని ఫోటో ఏ డీలర్ వాట్సాప్ గ్రూపులోనూ పడకముందే వేయండి. వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఫీజు 1000 రూపాయలే.

హియరింగ్ వీడియో కాల్‌లోనే జరుగుతుంది. పేటెంట్ ఏజెంటు ఒక్కరినే పంపకండి, మీరూ కూర్చోండి. గ్యాస్కెట్ ఏ క్షణంలో నొక్కుకుంటుందో కంట్రోలర్ అడిగితే చేసినవాళ్లు చెప్పినంత సూటిగా ఇంకెవరూ చెప్పలేరు. అయ్యాక 15 రోజుల్లో రాతపూర్వక సబ్‌మిషన్ వేయాలి. మార్చిన క్లెయిములు, డీ1, డీ2, డీ3 పక్కపక్కన పెట్టిన పట్టిక అందులో ఉండాలి. స్పెసిఫికేషన్‌లో ట్రే, గ్యాస్కెట్ సంబంధం గురించి రాసిన పేరా దొరికితే ఇక్కడే పెట్టండి, క్లెయిమ్ ఎలా కుదించవచ్చో చూసి చెబుతాను. అప్లికేషన్ ఎలాగూ ప్రచురితమే కాబట్టి దాచేదేమీ లేదు. రాబోయే మోడల్ గురించి మాత్రం ఒక్క ముక్క రాయకండి.