రాయగడ, కొరాపుట్ వైపు రోజూ తిరిగే కారునే డ్రాగ్ స్ట్రిప్ (తిన్నగా కొద్ది దూరం రేసు పెట్టే ట్రాక్) మీదా పరిగెత్తించాలంటే ఏ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సరి?

అమెరికన్ వీ8 లాంటి పెద్ద ఇంజనుకైతే, ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే పై గేరు), లాకప్ (కన్వర్టర్ జారకుండా ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి నేరుగా బిగించే క్లచ్) రెండూ ఉన్న టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సే సరి. జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ల 4ఎల్80ఈ లాంటిది.

అసలు సమస్య వేడి. కన్వర్టర్‌లో ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించేది ఆయిల్. బ్రేక్ పట్టి ఉంచినా ఇంజన్ ఎంత ఆర్‌పీఎం వరకు లేవగలదో అదే స్టాల్ స్పీడ్. ఇంజన్‌కి పట్టున్న చోటి నుంచే బండి దూకాలని రేసర్లు దాన్ని పెంచుకుంటారు. కానీ సాలూరు దాటాక సుంకి ఘాట్‌లో లారీ వెనక పాకుతుంటే ఇంజన్ ఆ స్టాల్‌కి అటూ ఇటూగానే తిరుగుతుంది, కన్వర్టర్ జారుతూనే ఉంటుంది. ఆ జారుడంతా ఆయిల్లో వేడవుతుంది. అంత తక్కువ వేగంలో లాకప్ సాధారణంగా పడదు. కాబట్టి విడిగా ఆయిల్ కూలర్ పెట్టాల్సిందే, స్టాల్‌నీ అవసరానికి మించి పెంచకూడదు.

మైదాన ప్రాంతపు రోడ్డు మీద మాత్రం ఓవర్‌డ్రైవ్ విలువ తెలుస్తుంది. 28 అంగుళాల టైరు, 3.73 యాక్సిల్ (చక్రం ఒకసారి తిరగాలంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి) అనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఓవర్‌డ్రైవ్ లేని, మూడు గేర్ల జీఎం టీహెచ్400తో ఇంజన్ కనీసం 2,800 ఆర్‌పీఎం తిరగాలి. 4ఎల్80ఈ నాలుగో గేరులో, లాకప్ పడితే, 2,100 చాలు.

రేసర్లు వాడతారు కదా, రెండు గేర్ల పవర్‌గ్లైడే మేలని చాలామంది అనుకుంటారు. అది తేలికైన, బలం ఎక్కువున్న రేసు బండ్లకు. దాని మొదటి గేరు నిష్పత్తి 1.8 దగ్గరే ఉంటుంది. బరువైన రోడ్డు కారును ఘాట్ ఎక్కించడానికి చాలదు. ఇక షోరూమ్ ఏఎంటీ (క్లచ్, గేర్లు వాటంతటవే పనిచేసేలా చేసిన మాన్యువల్ గేర్‌బాక్స్) సంగతి వేరు, అందులో కన్వర్టరే ఉండదు.