ప్రత్యర్థి మాట పూర్తిగా వినిపించు

చిరంజీవికి ఆశీస్సులు.

గ్రీకు తత్త్వమూ క్రైస్తవమూ ఎదురుపడిన కథ మీద నువ్వు రాస్తున్న వ్యాసం మొదటి భాగం చదివాను. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఏథెన్స్‌లో తత్త్వబోధన ఆపించాడని మొదలుపెట్టి, గ్రీకు ఆలోచన ఆ రోజుతో ఆరిపోయిందని ముగించావు. చదవడానికి బాగుంది గానీ జరిగింది అది కాదమ్మా. సరిగ్గా ఆ ఏడాదే అలెగ్జాండ్రియాలో జాన్ ఫిలోపోనస్ అనే క్రైస్తవ పండితుడు ఒక పెద్ద గ్రంథం రాస్తున్నాడు. లోకానికి ఆది లేదని ప్రోక్లస్ అనే ఏథెన్స్ తత్త్వవేత్త చేసిన 18 వాదాలకూ వరసగా జవాబు చెప్పే గ్రంథం అది. ఆ జవాబులకు అతను వాడినవన్నీ గ్రీకు తర్కం పనిముట్లే. నీ కథకు అసలు మొదలు అక్కడ ఉంది.

ఆ వాదం ఎంత పెద్దదో పాఠకుడికి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. లేనిదాని నుంచి ఏదీ పుట్టదన్నది గ్రీకులకు పార్మెనిడిస్ నాటి నుంచీ తిరుగులేని మాట. ప్లేటో చెప్పిన, లోకాన్ని చేసిన శిల్పి కూడా అప్పటికే ఉన్న పదార్థానికి రూపం ఇచ్చాడే తప్ప దాన్ని పుట్టించలేదు. అరిస్టాటిల్ అయితే లోకం ఎప్పుడూ ఉందనే అన్నాడు. మనవాళ్ళకు ఇది కొత్త కాదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువును "కథమసతః సజ్జాయేత" అని అడుగుతాడు. లేనిదాంట్లోంచి ఉన్నది ఎలా పుడుతుందని. ఈ ఒక్క పోలిక పెట్టి ఊరుకో. వేదాంతంలోకి దిగావంటే వ్యాసం ఇంకో దారి పడుతుంది.

క్రైస్తవులు కూడా ఈ మాటకు మొదటి నుంచీ ఎదురు నిలవలేదు. రెండో శతాబ్దంలో రోములో చనిపోయిన జస్టిన్, తత్త్వవేత్తల ఉత్తరీయం వదలనివాడు, దేవుడు రూపంలేని పదార్థం నుంచే లోకాన్ని చేశాడని రాశాడు. ఒక తరం గడిచేసరికి అంతియొకయ థియోఫిలస్, పదార్థం కూడా అనాది అయితే అది దేవుడికి సాటి అయిపోతుంది కదా అని అడిగి, శూన్యం నుంచే సృష్టి అన్నాడు. మలుపు అక్కడ ఉంది. ఆ మాట ఒప్పుకుంటే ఆకాశం, నక్షత్రాలు కూడా సృష్టిలో భాగమే, దైవాలు కావు. ఫిలోపోనస్ దాన్ని చివరిదాకా లాక్కెళ్ళి, నేల, నీరు, నిప్పు, గాలి కాక ఆకాశానికి ప్రత్యేకంగా అరిస్టాటిల్ చెప్పిన అయిదో భూతం అక్కర్లేదన్నాడు. బరువైన వస్తువు తన బరువుకు తగ్గ నిష్పత్తిలో వేగంగా పడుతుందన్న అరిస్టాటిల్ మాటనూ కాదన్నాడు గానీ, అది మతం చెప్పించింది కాదు, కళ్ళతో చూసి చెప్పింది. ఈ రెంటినీ కలిపెయ్యకు. వేయేళ్ళ తరవాత గెలీలియో అతని పేరు తలచుకున్నాడన్నది మాత్రం రాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. ఫిలోపోనస్ అరిస్టాటిల్ మీద రాసిన ఖండన గ్రంథం పోయింది. దాంట్లో మనకు దక్కినది చాలావరకు సింప్లికియస్ అనే, క్రైస్తవుడు కాని తత్త్వవేత్త పుణ్యం. ఇద్దరూ అలెగ్జాండ్రియాలో అమ్మోనియస్ శిష్యులే. ఏథెన్స్‌లో పాఠం ఆగిపోయాక పర్షియా రాజు ఖుస్రో కొలువుకు వెళ్ళినవారిలో సింప్లికియస్ ఒకడు. ఫిలోపోనస్ అంటే అతనికి మంట. తిట్టిపోశాడు. అయినా ఖండించే ముందు అవతలివాడి మాటలను పేరాలకు పేరాలు ఎత్తి రాశాడు. అంతకు ముందే, మూడో శతాబ్దంలో, ఇదే పని క్రైస్తవుల వైపు నుంచి జరిగింది. క్రైస్తవులు నేతగాళ్ళనూ చెప్పులు కుట్టేవాళ్ళనూ పోగేసుకుంటారని ఈసడించిన సెల్సస్ పుస్తకం ఈరోజు ఎక్కడా లేదు. సుమారు 248లో క్రైస్తవ పండితుడు ఆరిజెన్ రాసిన 8 భాగాల జవాబులో మాత్రం అతని గొంతు వినబడుతూనే ఉంది. క్రైస్తవులను ఖండిస్తూ పోర్ఫిరీ అనే తత్త్వవేత్త రాసిన పుస్తకానికి ఆ అదృష్టం లేదు. 448లో చక్రవర్తి ఆజ్ఞతో తగలబెట్టారు, తునకలే మిగిలాయి. అది చేయించినదీ క్రైస్తవ ప్రభుత్వమే. ఈ రెండూ నీ వ్యాసంలో పక్కపక్కన ఉండాలి. 415లో అలెగ్జాండ్రియాలో తత్త్వం బోధించిన హైపేషియాను క్రైస్తవ మూక హత్య చేసిందన్నది కూడా దాచొద్దు. అయితే అది బిషప్పుకూ రోమన్ అధికారికీ మధ్య నడిచిన అధికార తగాదాలో జరిగిందని చెప్పు.

తరవాత బిషప్పైన అగస్టీన్ గురించి నువ్వు రాసిన పేజీ పొడిగా ఉంది. అతను 386 ప్రాంతంలో మిలాన్‌లో ప్లేటోవాదుల పుస్తకాలు లాటిన్‌లో చదివాడు. యోహాను సువార్త మొదట్లోని "ఆదియందు వాక్యముండెను" అన్నదానికి సరిపడే భావం వాటిలో కనబడిందనీ, ఆ వాక్యము శరీరధారి అయిందన్నది, అంటే దేవుడు క్రీస్తుగా మనిషై పుట్టాడన్నది, మాత్రం కనబడలేదనీ తనే చెప్పుకున్నాడు. చర్చిలో పెరిగిన మన పాఠకులకు ఆ వచనం కంఠతా వచ్చు. చర్చి గడప తొక్కనివాళ్ళకు అదేమిటో తెలియదు. ఇద్దరికీ అర్థమయ్యేలా రాయాలి నువ్వు. ఆ శరీరం దగ్గరే చాలా మారింది. జ్ఞాని ఉద్వేగాలకు లొంగకూడదన్న స్టోయిక్కులతో అగస్టీన్ పేచీ పెట్టుకున్నాడు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర క్రీస్తే ఏడ్చాడు కదా, ప్రేమ సరైనదైతే దుఃఖం రోగం ఎలా అవుతుందని అతని ప్రశ్న. నాకు ఈ ఘట్టం ఎంతో ఇష్టం. దీనికి రెండు పేజీలు ఇచ్చినా ఎక్కువ కాదు.

నిస్సా ఊరి బిషప్పు గ్రెగొరీని నువ్వు వదిలేశావు. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ అన్నాడు. నాలుగో శతాబ్దంలో గ్రెగొరీ బైబిల్లోని ప్రసంగి గ్రంథం మీద మాట్లాడుతూ, దేవుని పోలికలో పుట్టిన మనిషికి ఎవడు ఎంత వెల కట్టగలడని యజమానులను నిలదీశాడు. అతని కాలంలో అంత దూరం వెళ్ళినవాళ్ళు దాదాపు లేరు. అగస్టీన్ కూడా బానిసత్వం పాపఫలమని, ప్రకృతి కాదని అన్నాడే గానీ, దాన్ని తీసెయ్యమనలేదు. సిద్ధాంతం మారిన వేగంతో సంతలు మారలేదని ఇక్కడే రాయాలి.

రెండో భాగంలో మొదట సింప్లికియస్‌ను రాయి, ఫిలోపోనస్‌ను తరవాత రాద్దువు. లోకం అనాది అన్న వాదాన్ని నీకు చేతనైనంత బలంగా నిలబెట్టు. చదువుతున్నవాడికి అదే నిజమేమో అనిపించాక జవాబు మొదలుపెట్టు. ఆ పేజీలు అయ్యాక నాకు పంపు.