క్యోటో గుళ్లు, నడక దారులు: కొత్తగా వచ్చిన తమ్ముడికి ఖర్చు లెక్కలు

తమ్ముడూ, ఒసాకాలో ఉద్యోగంలో చేరావు, మరదలు వచ్చే వారం దిగుతోంది, రాగానే క్యోటో గుళ్లన్నీ చూపించాలి, ఏ పాస్ కొనాలి అని అడిగావు. పాస్ సంగతి తర్వాత. ముందు ఆ 'అన్నీ' అనే మాట పక్కన పెట్టు. కొత్తగా వచ్చినవాళ్లందరూ అక్కడే దెబ్బ తింటారు.

మేమూ అలాగే తిన్నాం. పొద్దున్నే పడమటి వైపు కింకాకుజి, అక్కడి నుంచి ఊరు దాటి తూర్పున గింకాకుజి, తర్వాత కియోమిజు, మధ్యలో ఎవరో బాగుంటుందన్నారని ఇంకో రెండు. బస్సులో నిలబడడం, దిగి లైన్లో నిలబడడం, టికెట్ కొని ఫొటో తీసుకుని మళ్లీ బస్సు కోసం పరుగెత్తడం. ఒక్కో గుడికి మనిషికి 500 యెన్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఇద్దరికి ఐదు గుళ్లంటే 5000 యెన్లు అక్కడికే పోతాయి. ఇప్పుడు సిటీ బస్సు ఎక్కిన ప్రతిసారీ మనిషికి 230. మధ్యాహ్నం అయ్యేసరికి ఆకలి, మావారికి నీసు పడదు, ఎక్కడ చూసినా చారులో చేప. చివరికి నాన్‌జెంజి గుడి దగ్గర తోఫు (సోయా పనీర్) భోజనం పెట్టే హోటల్లో కూర్చుంటే ఉడికించిన తోఫు, కాస్త అన్నం, నాలుగు ఊరగాయ ముక్కలకి మనిషికి 3000 యెన్లు దాటింది. ఇంటికొచ్చి లెక్క రాసుకుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి ఏడాది జీతం చేతికి ఎక్కువే వస్తున్నట్టుంటుంది కాబట్టి ఈ ఖర్చు నీకిప్పుడు చిన్నదే అనిపిస్తుంది. నివాస పన్ను అని ఒకటుంది, అది కిందటి ఏడాది ఆదాయం మీద వేస్తారు, కంపెనీ ఉద్యోగులకి జూన్ నుంచి జీతంలో కోత మొదలవుతుంది. అందుకే చాలామందికి రెండో ఏడాదిలో జీతం ఉన్నట్టుండి తగ్గిపోతుంది. దాని రూల్స్ మీ ఆఫీసులో అడుగు, చెబుతారు. నేను చెప్పేది ఒకటే, ఇప్పటి నుంచే ఆ డబ్బు పక్కన పెట్టు, క్యోటోలో రోజుకి ఒక్క గుడికే టికెట్ కొను.

మిగతాదంతా నడక. మేం తర్వాత పట్టుకున్న దారి చెబుతాను. కెయిహాన్ రైల్లో సంజోలో దిగి, తోజాయ్ సబ్‌వేలో రెండో స్టేషన్ కెయాగె. బయటికి రాగానే ఒకప్పుడు పడవల్ని బళ్ల మీద ఎక్కించి కొండ వాలులో లాగిన పాత పట్టాలుంటాయి, వాటి మీద నడిచి వెళ్లొచ్చు. రాజధాని టోక్యోకి పోయాక క్యోటో బాగా చితికిపోయిందట, అప్పుడు బివా సరస్సు నుంచి కొండలు తొలిచి కాలువ తెచ్చారు, అది 1890లో పూర్తయింది. ఆ కాలువ పాయని మోసే ఎర్ర ఇటుకల వంతెన నాన్‌జెంజి ఆవరణలోనే ఉంది, చూడడానికి పైసా కట్టక్కర్లేదు. అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే తత్వవేత్త బాట వస్తుంది. క్యోటో యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నిషిదా కితారో ఆలోచించుకుంటూ నడిచిన కాలువగట్టు, సుమారు రెండు కిలోమీటర్లు. చెర్రీ పూల కాలంలో తోపులాటే. జూన్‌లో వెళ్లు, సాయంత్రం మిణుగురులు కనిపిస్తాయి. దారిలో హోనెన్‌ఇన్ అని గడ్డి కప్పు ద్వారం ఉన్న చిన్న గుడి, లోపల రెండు ఇసుక దిబ్బల మీద నీటి గీతలు గీసి ఉంటాయి, ఆవరణ ఉచితం. చివర్లో గింకాకుజి వస్తుంది, ఆ రోజు టికెట్ దానికి కొను. చాలా గుళ్లు సాయంత్రం 5 లోపే మూసేస్తారు కాబట్టి తీరిగ్గా బయల్దేరొద్దు. చేతిలో చిల్లర ఉంచుకో, ఇప్పటికీ కొన్నిచోట్ల కార్డు తీసుకోరు.

భోజనానికి పులిహోర కట్టుకుని వెళ్లండి. గుడి లోపల తినకూడదు. కామో నది గట్టున కూర్చోవచ్చు, కానీ పైన గద్దలు తిరుగుతుంటాయి, చేతిలోది తన్నుకుపోతాయి, చెట్టు కింద కూర్చోండి. చెత్తకుండీలు కనబడవు, కవరు ఇంటికే తెచ్చుకోవాలి.

ఇంకో రోజు ఫుషిమి ఇనారి, అదో కొండ మీది గుడి. టికెట్ లేదు, తలుపులు వేయరు, తెల్లవారుజామున వెళ్లినా ఎవరూ ఆపరు. వరసగా నిలబెట్టిన ఎర్ర ద్వార తోరణాల కింద జనం సగం కొండ ఎక్కి వెనక్కి పోతారు, మీరు పైదాకా వెళ్లండి, కొండ ఎత్తు 233 మీటర్లే. ఆ తోరణాల వెనక వైపు రాసి ఉన్నవి వాటిని కట్టించినవాళ్ల పేర్లు, చాలావరకు వ్యాపారులవే.

ఇక పాస్. బస్సులకే పనికొచ్చే ఒకరోజు పాస్ ఎత్తేశారు, సబ్‌వే బస్సు కలిపినది 1100 యెన్లు. నేను చెప్పినట్టు నడిస్తే అది మీకు గిట్టుబాటు కాదు.

మీ అమ్మా నాన్నా వచ్చినప్పుడు మాత్రం లెక్క చూడకుండా తోజి అనే గుడికి టికెట్ కొనిపెట్టు. అక్కడి ప్రసంగ మందిరంలో హంసల మీద కూర్చున్న బ్రహ్మ, ఏనుగు మీద ఇంద్రుడు ఉన్నారు. మా అత్తగారు ఆ ఇంద్రుడి ముందు నుంచి కదల్లేదు, నేను ఇక్కడ పెట్టిన డబ్బుల్లో మనసుకి నొప్పి కలగనివి అవే. తోజిలో ప్రతి నెలా 21న పెద్ద సంత కూడా జరుగుతుంది, సంతకి టికెట్ లేదు, పాత కిమోనోలు, గిన్నెలు చవగ్గా దొరుకుతాయి. ఇంటికి సామాను ఇంకా కొనకపోతే మరదలిని ఆ రోజు తీసుకెళ్లు, పొద్దున్నే వెళ్లండి.